ఆరో కెమెరా చప్పుడు

కిందటి వారం సుతపా లాహిరిని కలకత్తా హాథీబాగాన్‌లో ఒక పాత స్టూడియో మెట్ల మీద నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ వారమంతా అక్కడే నిలబడలేదు లెండి. మీకు మాత్రం రెండు ముక్కల్లో గుర్తు చేస్తాను. రేపు పదకొండింటికి ఆవిడ ఫొటోగ్రఫీ చెప్పే ఆర్ట్ కాలేజీలో కమిటీ కూర్చుంటుంది. విద్యార్థులు ఏడాది పొడుగునా వాడినా చెడని ఫిల్ము కెమెరాలు, అందులోనూ వన్ ట్వంటీ రోలు పట్టే పెద్ద కెమెరాలు, ఆరింటిని ఎంచి ఆవిడ ఆ కమిటీకి చూపించాలి. అయిదు కాదు, ఆరు. చూపించలేకపోతే డార్క్‌రూమ్‌లో తొట్లు పీకేసి కంప్యూటర్లు పెడతారు. ఫిల్ము క్లాసుకి అంతటితో నీళ్లు వదిలేసినట్టే.

ఆ ఆరు కెమెరాలూ మెట్ల పైన నటబర్ కుండు స్టూడియోలో ఉన్నాయి. డిజిటల్ వచ్చాక బేరాలు లేక ఆయన దుకాణం మూసేస్తున్నాడు. రేపు పొద్దున్నే బొంబాయి వ్యాపారి మనిషి వచ్చి సామాను మొత్తం పట్టుకుపోతాడు. వాటి కడుపులో ఏముందో చెప్పగలవాడు కలకత్తా మొత్తానికి ఒక్కడే, మెకానిక్ ఫణీభూషణ్ కర్మకార్. అతన్ని బతిమాలి, బామాలి, రిక్షా ఎక్కించి తీసుకొచ్చింది సుతప. ఆ ఆత్రంలో ఇవాళ ఏ రోజో ఆవిడ పట్టించుకోలేదు. ఆకాశం నిండా గాలిపటాలు ఎగురుతున్నా తల ఎత్తి చూడలేదు.

ఇవాళ విశ్వకర్మ పూజ. కలకత్తాలో పనిముట్లకి సెలవిచ్చి గాలిపటాలు ఎగరేసే రోజు.

"ముట్టను," అన్నాడు ఫణీభూషణ్, స్టూడియో గుమ్మంలోనే ఆగి. కొత్త ధోవతి కట్టుకున్నాడు. నుదుట చందనం ఇంకా ఆరలేదు. రెండు చేతులూ వీపు వెనక్కి కట్టేసుకుని, ఎవరైనా లాగేసుకుంటారేమో అన్నట్టు నిలబడ్డాడు.

"ఫణీదా, ఇంత దూరం వచ్చి..."

"మీరు రమ్మన్నారు, వచ్చాను. ముడతానని మాటిచ్చానా? స్క్రూడ్రైవర్లు, పట్టకార్లు, అన్నీ పొద్దున్నే కడిగి బొట్లు పెట్టి దేవుడి కాళ్ల దగ్గర పెట్టేశాను దిదిమణీ. రేపటిదాకా వాటికి సెలవు. నా చేతులకీ సెలవే."

"రేపటికి కెమెరాలే ఉండవు!"

"ముప్పై నాలుగేళ్లలో ఒక్క విశ్వకర్మ పూజకీ నేను యంత్రం మీద చెయ్యి వెయ్యలేదు. ఇప్పుడు వేస్తే రేపట్నించి ఏ మర నా మాట వింటుంది చెప్పండి?"

లోపల్నించి నటబర్ కుండు నవ్వాడు. డెబ్బై ఆరేళ్లవాడు. నోట్లో పళ్లకంటే మాటలెక్కువ. "వాడి మడి అంతే తల్లీ. వాళ్ల నాన్న ఇంకా ఘోరం. పూజ రోజున తాళం కప్ప కూడా తిప్పేవాడు కాదు. గదిలో ఇరుక్కుని ఉండిపోయాడు ఒకసారి."

"మీరు మాత్రం?" అన్నాడు ఫణి. "ఫొటోలు వేసే మీ ఎన్‌లార్జర్‌కి దండ వేసి కూచున్నారుగా!"

"నాది భక్తి. నీది మొండితనం."

సుతపకి నవ్వు రాలేదు. గోడ మీద గడియారం రెండున్నర చూపిస్తోంది.  నిజం చెప్పాలంటే ఆవిడ భయం ఇవాళ్టిది కాదు, కిందటేడాదిది. అప్పుడు కూడా కెమెరాలు ఎంచింది ఆవిడే. ఒక డాక్టరుగారి బీరువాలోంచి వచ్చాయి అవి. తోలు సంచుల్లో, పెట్టెలతో సహా, ఒంటి మీద గీత లేకుండా తళతళలాడుతూ ఉన్నాయి. చూడగానే మనసు పారేసుకుంది. వాటిని ఇరవయ్యేళ్లుగా ఎవరూ ముట్టలేదన్న సంగతిని సుగుణం అనుకుంది. కలకత్తా తేమలో తోలుసంచి అంటే బూజుకి పుట్టిల్లు. వానాకాలం వెళ్లేసరికి లెన్సుల లోపల సాలెగూళ్లలా బూజు పాకింది. ఎండిపోయిన నూనెతో షట్టర్లు బిగుసుకుపోయాయి. పరీక్షకి పిల్లలు తీసిన ఫొటోలన్నీ పాలు ఒలికినట్టు తెల్లగా వచ్చాయి. పధ్నాలుగు మందిలో ముగ్గురు ఆ క్లాసే మానేశారు. అందులో తుహినా అనే పిల్ల వెళ్తూ వెళ్తూ, "కెమెరా తప్పో నా తప్పో తెలియనప్పుడు ఏం నేర్చుకుంటాను దీదీ?" అని అడిగింది. 

కమిటీలో అయిదుగురు. నలుగురు కంప్యూటర్ల వైపు. ఈవిడ వైపు ఉన్నది ఒక్కడు, ప్రణబేశ్ గుహ. విభాగానికి అధిపతి. ఈవిడకి క్లాస్‌మేట్. ఒకే డార్క్‌రూమ్‌లో ఒకే ట్రేలో కాగితాలు తడిపి పైకొచ్చిన వాళ్లు. "నువ్వు ఆరు మంచివి తే సుతప, మిగతావాళ్ల సంగతి నేను చూసుకుంటా. అధిపతి మాటకి రెండు ఓట్ల బలం ఉంది," అన్నాడు మొన్న. ఆ మాట మీదే ఆవిడ ఇంతదూరం వచ్చింది.

"అయితే వెళ్లిపోదాం," అంది ఏడుపు గొంతుతో. "చూడకుండా నేను కొనలేను. మళ్లీ ఆ పిల్లల మొహాలు చూడలేను."

ఫణీభూషణ్ కాస్త ఇబ్బందిపడ్డాడు. చెప్పులు విప్పి లోపలికొచ్చి, పెళ్లికూతుళ్లని కూర్చోబెట్టే ఎత్తు కుర్చీ ఎక్కాడు.

"ముట్టనన్నాను గానీ విననని అనలేదే. చెవులకి నేను పూజ చెయ్యలేదు. మీరు మోగించండి, నేను వింటాను."

"నేను ముట్టొచ్చా?"

"మీది చదువు చెప్పే వృత్తి. మీ దేవత సరస్వతి. మీ సెలవు వసంత పంచమికి. ఇవాళ మీకు ఏ అడ్డూ లేదు." అని కళ్లు మూసుకున్నాడు.

బల్ల మీద ఆరు మామియా కెమెరాలు వరసగా ఉన్నాయి. ఒక్కొక్కటీ రెండున్నర కిలోల పైమాటే. నల్ల రంగు పోయి మూలల్లో ఇత్తడి బయటపడింది. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లకీ, అన్నప్రాశనలకీ తిరిగిన ఒళ్లు అవి. బ్యాటరీ అక్కర్లేదు. అన్నీ పళ్లచక్రాలూ స్ప్రింగులూ. రోలుకి పదే బొమ్మలు కాబట్టి విద్యార్థి పదిసార్లూ ఆలోచించే నొక్కుతాడు. పైగా విద్యార్థి చెయ్యంటే తిరగని మరని బలంగా తిప్పే చెయ్యి. దానికి ఓర్చుకునే కెమెరా కావాలి. అందం చూసి ఒకసారి మోసపోయిన సుతపకి ఈ అరిగిన మొహాలు చూస్తే ధైర్యమూ వేసింది, భయమూ వేసింది.

మొదటిదాని లెన్సులోకి టార్చి వేసి చూసింది. బూజు లేదు. లివర్ లాగి, షట్టర్ వేగాన్ని ఒక సెకనుకి పెట్టి నొక్కింది. అద్దం ధడ్‌మని లేచింది. వెనకాలే లెన్సులోంచి జుర్రుమని సన్నటి చక్రాల చప్పుడు, చివర టక్.

"సెకనుకి వెంట్రుకవాసి ఎక్కువ. పిల్లలకి తేడా తెలియదు. అర సెకను?"

నొక్కింది.

"బావుంది. పావు? ...ఎనిమిదో వంతు? ...ఊఁ. రెండొందల యాభయ్యో వంతు లాంటివి చెవికి అందవు, అవి మాత్రం ఫిల్ము వేసి చూసుకోండి. నేనేం దేవుణ్ణి కాదు."

"ఆ మాట ఒప్పుకున్నాడు, రాసి పెట్టుకో తల్లీ," అన్నాడు నటబర్.

రెండోది నిలబడింది. మూడోది పావు సెకను దగ్గర ఆగి, ఆయాసపడి, ఎప్పటికో మూసుకుంది.  అయిదున్నా లాభం లేదు, ఆరు కావాలి.

"కంగారుపడకండి. నాలుగు నెలలుగా ఎవరూ లేపలేదు దాన్ని. పదిసార్లు మోగించండి."

ఆరోసారికి గొంతు సవరించుకుంది. పదోసారికి మిగతావాటితో సమానంగా పలికింది. "మా ఇంట్లో ఒక మాటుంది," అన్నాడు ఫణి కళ్లు తెరవకుండానే. "వాడుకున్న ఇనుము మెరుస్తుంది, దాచుకున్న ఇనుము ఏడుస్తుంది. కిందటేడు నన్నొక్క మాట అడిగుంటే చెప్పేవాణ్ణి కదా."

అది తిట్టే. అయినా సుతపకి తియ్యగానే ఉంది. నాలుగోది, అయిదోది గట్టెక్కాయి.  మేడల మీంచి "భో కట్టా!" అని కేకలు వినిపిస్తున్నాయి. ఎవరి గాలిపటమో తెగింది. రేపు పదకొండింటికి ఆరు కెమెరాలనీ బల్ల మీద వరసగా పెట్టి, "చూడండి," అనబోయే క్షణం కళ్ల ముందు కదిలింది. ఆరోదాన్ని ఒళ్లోకి తీసుకుంది. లివర్ లాగి, సెకనుకి పెట్టి, నొక్కింది.

ధడ్. జుర్ర్, జుర్ర్... మధ్యలో ఒక చిన్న తడబాటు, మళ్లీ జుర్ర్. టక్.

ఫణీభూషణ్ కళ్లు తెరిచాడు.

"ఇంకోసారి."

నొక్కింది. మళ్లీ అదే చోట అదే తడబాటు. కుంటి మనిషి మెట్టెక్కినట్టు.

"చెడిందా ఫణీదా?" అంది సుతప.

"చెడలేదు. సెకనుకి సెకను, అణా పైసలతో సహా సరిపోయింది. ఆ కుంటి నడక నాది." కుర్చీ దిగాడు. చేతులు ముందుకొచ్చి, గుర్తొచ్చి, మళ్లీ వెనక్కి పోయాయి. "ఒకసారి దీని స్ప్రింగు తెగితే జపాన్ సరుకు దొరక్క, అలారం గడియారం స్ప్రింగు కోసి వేశాను. కలకత్తాలో ఇలా నడిచే మర ఇంకోటి లేదు. కుండూ బాబూ, ఇది మీది కాదు. ఇది మీ చేతికి ఎలా వచ్చింది?"

"నాది కాకపోతే నీ మేనమామదా? ఇరవయ్యేళ్లుగా దీంతో పెళ్లిళ్లు తీశాను. ఒక్కసారీ చెడలేదు, చెడితేగా నీ దగ్గరికి పంపడానికి."

"దిదిమణీ, కుడివైపు తోలు అంచు కొంచెం లేపండి. గోరు చాలు. బాగు చేసిన ప్రతి మర మీదా అక్కడ గీకి పెట్టడం నా అలవాటు. నేను ముట్టను, మీరే చూడండి."

తోలు అట్టే బలం లేకుండానే ఊడింది. కింద రేకు మీద సూదితో గీకిన గుర్తు. ఫణి ఇంటిపేరులో మొదటి అక్షరం, ఏడాది, దాని కింద చిన్నగా "ఆర్ట్ కాలేజీ, 4".

సుతప గోటితో ఆ అంకెని తడిమింది.

ఆ నాలుగో నంబరు ఆవిడకి తెలుసు. ఆ కాలేజీలో చదివిన వాళ్లెవరికైనా తెలుసు. ఇరవయ్యేళ్ల కిందట, తను ఆఖరి ఏడాదిలో ఉండగా, స్టోరు గదిలోంచి మాయమైన కెమెరా అది. తాళం పగలలేదు, కిటికీ విరగలేదు. తాళంచెవి ఎవరి దగ్గర ఉందని విచారణలో అడిగారు. అడిగింది సుతపనే. "అనాది సార్ దగ్గరే ఉంటుంది," అంది. అబద్ధం కాదు. అనాది సన్యాల్, ఆవిడకి ఫొటోగ్రఫీ నేర్పిన గురువు, ఆ ఒక్క వాక్యంతో ఉద్యోగం పోగొట్టుకున్నాడు. దొంగ అనే పేరుతోనే రెండేళ్లకి చనిపోయాడు. శవాన్ని మొయ్యడానికి కాలేజీ నించి నలుగురు దొరకలేదు.

"ఎవరు అమ్మారు మీకు?" అంది. అడగడం కాదు, అరిచింది. "అనాది సన్యాలేనా? చెప్పండి, ఆయనేనా?"

"అరవకు తల్లీ. ఎవడో వచ్చి అమ్మాడు. సొంతదే అన్నాడు. పేరూ చెప్పాడు, నాకు గుర్తు లేదు."

"కొనేటప్పుడు అడగరా? రాసుకోరా?"

"రాసుకుని ఏం లాభం? పేర్లు అబద్ధం చెప్తాయి, మొహాలు చెప్పవు." నటబర్ లేచి గోడ బీరువా వైపు నడిచాడు. ఆయన నడకలో ఇప్పుడు వేళాకోళం లేదు. "నా పద్ధతి ఒకటుంది. ఏ కెమెరా కొన్నా దాంతో మొదటి బొమ్మ అమ్మినవాడిదే తీస్తాను. కెమెరా పని చేస్తుందో లేదో తేలుతుంది, రేపు పోలీసులొస్తే ఇదిగో వీడని చూపించడానికీ ఉంటుంది. ఒకళ్లూ రాలేదు. దొంగ సరుకైతే మొహం ఇవ్వడులే అనుకునేవాణ్ణి. వీడు మహా నిబ్బరంగా కూచున్నాడు."

దుమ్ము పట్టిన కాగితపు కవర్లు. మీద బెంగాలీ నెలలూ ఏళ్లూ. వెతికి ఒకటి తీశాడు. ఆషాఢం. ఏడాది సరిగ్గా ఆ కెమెరా మాయమైనదే.

"ప్రింటు?"

"ఎప్పుడూ వెయ్యలేదు. ఇప్పుడు వెయ్యను కూడా, ఎన్‌లార్జర్ మెళ్లో దండ చూశావుగా. నెగెటివ్ ఉంది. చదవడం నీకు రాదా ఏం?"

చదవడం వచ్చు. ఇరవయ్యేళ్లుగా ఆవిడ చేసే పనే అది. అరచేతిలో సగం ఉండే ఆ ఫిల్ము ముక్కని అంచులు పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచింది. మెరిసే వైపు తన వైపుకి తిప్పుకుంది, మనిషి కుడిఎడమలు మారకుండా.  దేవుడా, సార్ కాకూడదు అనుకుంది. ఎవరైనా సరే, సార్ మాత్రం కాకూడదు.

వెలుతురులో మొట్టమొదట తల కనిపించింది. తెల్లటి తల.

ప్రాణం ఉసూరుమంది. అనాది సార్‌ది ముగ్గుబుట్ట లాంటి తల. కానీ అలా అనుకున్న మరుక్షణమే తన తెలివితక్కువతనానికి తనే నివ్వెరపోయింది. మొదటి ఏడాది పిల్లలు చేసే తప్పు ఇది. నెగెటివ్‌లో తెల్లగా ఉందంటే అసలు మనిషికి నల్లగా ఉన్నట్టు. నెరిసిన జుట్టు ఇందులో బొగ్గులా కనిపించాలి. ఇది సార్ కాదు. నిండా నల్లటి జుట్టున్న కుర్రాడు.

కళ్లలో నీళ్లు తిరిగాయి. సార్ కాదు. తన వాక్యం ఒక నిర్దోషిని చంపింది. ఈ సంతోషంలో ఎంత సిగ్గు ఉందో ఆవిడ అప్పుడే లెక్క వేసుకోలేకపోయింది. కళ్లు తుడుచుకుని, నల్లబడ్డ ఆ మొహంలోకి చూసింది. నుదురు. ముక్కు. గడ్డం కింద ఎడమవైపు ఒక గాటు, ఇందులో నల్లటి గీతలాగా. మొహం కాస్త పైకెత్తి, కెమెరాకి సరిగ్గా ఎదురుగా, వెలుతురు ఎటు నించి పడుతోందో తెలిసినవాడిలా కూర్చున్నాడు.

క్లాసులోవాళ్లు ఒకరికొకరు మోడల్స్‌గా కూర్చుని ఫొటోలు తీసుకునే ఏడాది అది. ఈ మొహాన్ని ఆవిడ ఎన్నిసార్లు తీసిందో, ఎన్ని నెగెటివ్‌లు తనే కడిగిందో లెక్కలేదు. కాగితం మీదకంటే ఫిల్ము మీదే ఆవిడకి బాగా తెలిసిన మొహం.

"తెలిసినవాడేనా తల్లీ?" అన్నాడు నటబర్.

ఆవిడ కిటికీ చువ్వని పట్టుకుంది. ఫణీభూషణ్ ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు.

"దిదిమణీ, మీరు కూర్చోండి. చూడండి, నా మాట వినండి. అయిదూ భేషుగ్గా ఉన్నాయి. ఆరోదీ భేషుగ్గానే ఉంది. తోలు అతికించేస్తే ఆ గీతలు ఎవరికీ కనిపించవు. కెమెరా కాలేజీదే, కాలేజీకే పోతుంది. చచ్చిపోయిన మనిషి ఎలాగూ తిరిగి రాడు. ఉన్న పిల్లల సంగతి చూసుకోవాలిగా."

"నువ్వేనా ఫణీదా ఈ మాటంటున్నది?" అంది సుతప. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి 'నువ్వు' అనేసిందని ఇద్దరూ గమనించలేదు. "పూజ రోజని స్క్రూడ్రైవర్ ముట్టని నువ్వు?"

ఫణి తల దించుకున్నాడు. "మీ క్లాసు ఉండాలనే అన్నాను."

అతనిది తప్పు కాదు. ఆ మాట వినపడక ముందే అదే ఆలోచన తన మనసులోకీ వచ్చింది, అందుకే అంత కోపం. నెగెటివ్‌ని కవర్లో పెట్టేసి, కవర్ని బీరువాలో పెట్టేసి, ఆరు కెమెరాలతో మెట్లు దిగిపోవచ్చు. నోరు విప్పితే రేపటి కమిటీలో తన వైపు ఒక్క ఓటూ ఉండదు. ఉన్న ఒక్క ఓటూ ఈ ఫిల్ము ముక్కలో కూర్చుని తనవైపే చూస్తోంది.

సంచిలో ఫోన్ మోగింది. తీసి చూసింది. ప్రణబేశ్ గుహ.

ఆరుసార్లు మోగనిచ్చింది. ఏడోసారి ఎత్తింది.

"ఏంటే, బతికే ఉన్నావా?" హుషారుగా ఉంది గొంతు. "తేలిందా? నలుగుర్లో ఇద్దర్ని నేను మెత్తబరిచాను. ఆరూ సరిగ్గా ఉంటే రేపు పది నిమిషాల పని. చెప్పు, ఫణీదా ఏమన్నాడు?"

"అయిదు తేలాయి."

"ఆరోది?"

సుతప బల్ల వైపు చూసింది. ఊడిన తోలు కింద ఆ గీతలు ఇక్కణ్నించి కనపడవు. "ఆరోది అన్నిటికంటే గట్టిది ప్రణబ్. ఇరవయ్యేళ్లయినా సెకను తప్పలేదు."

"ఇంకేం మరి! అలా నీరుగారిపోతావేంటి? ఎక్కడున్నావసలు? కారు పంపిస్తా, అన్నీ ఎక్కించుకుని వచ్చేయ్."

"హాథీబాగాన్‌లో. పాత స్టూడియో ఒకటి మూసేస్తున్నారు. సినిమాహాలు పక్క సందు, మెట్ల మీద."

అవతల్నించి మాట రాలేదు. ఫోన్ కట్ అయిందేమో అని చెవి నించి తీసి చూసింది. లేదు, నిమిషాలు నడుస్తూనే ఉన్నాయి. బయట ఏదో మేడ మీద మళ్లీ కేకలు లేచాయి, సద్దుమణిగాయి. ప్రణబేశ్ ఊపిరి వినపడుతోంది.

చివరికి మాట్లాడాడు, ఇందాకటి గొంతుతో కాదు.

"నటబర్ బాబు ఇంకా బతికే ఉన్నాడా?"